ఎక్కడున్నావో నువ్వే చెప్పాలి

కంప్యూటర్‌లోని గడియారం దారి తప్పినా ఆగదు. తప్పు సమయాన్నే అంతే ధీమాగా, సెకను సెకనూ లెక్కపెట్టి మరీ చూపిస్తుంది. అందుకే దాని జబ్బు చాలాకాలం ఎవరి కంటా పడదు. బ్యాంకు సైటు తెరుచుకోనని మొండికేసినప్పుడో, ఇప్పుడే దాచిన ఫైలు పాత ఫైళ్ల అడుగున ఎక్కడో చేరినప్పుడో గానీ తెర మీద కుడివైపు కింద మూలనున్న ఆ చిన్న అంకెల మీదికి చూపు పోదు. చూసి, సెట్టింగుల్లోకి వెళ్లి, ఇంటర్నెట్ సమయంతో సరిచేయమని నొక్కితే కుదరలేదని ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు కుదరలేదో చెప్పదు.

కౌలాలంపూర్‌లో కంప్యూటర్ల పని చేసే తెలుగువాడిగా ఈ ఫిర్యాదు నేను చాలామంది నోట విన్నాను. కానీ బాగాన్ దాతుక్ వైపు ఒక పెద్దాయన ఇంట్లో చూసిన గడియారం వేరు. దాని తప్పుల వెనక ఒక్కొక్కటిగా మలేసియా చరిత్ర బయటపడింది. మన పంచాంగం బయటపడింది. ఇంటికి ఇంత దూరాన నూరేళ్లుగా బతుకుతున్న తెలుగువాళ్లు ఏ సూర్యుణ్ణి చూసి రోజు లెక్కపెట్టుకోవాలన్న ప్రశ్న కూడా బయటపడింది.

కౌలాలంపూర్ నుంచి వాయవ్యంగా పెరాక్ రాష్ట్రంలోకి వెళితే తెలుక్ ఇంతాన్ అనే ఊరు వస్తుంది. ఊరి నడిబొడ్డున 1885లో లియాంగ్ చూన్ చోంగ్ అనే చైనీయుడు కట్టిన గోపురం ఉంది. లోపల నీళ్ల ట్యాంకు, పైన ఊరందరికీ కనిపించే గడియారం. మెత్తటి నేలలో గోపురం ఓ పక్కకు ఒరిగింది, అలా ఒరిగే నిలబడి ఉంది. అక్కణ్ణించి హుతాన్ మెలింతాంగ్ దాటి ఇంకా పడమటికి పోతే రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి తోటలే. పెరాక్ నది సముద్రంలో కలిసే చోటు అది. ఆంధ్ర తీరం నుంచి ఓడలెక్కి కూలికొచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు ఈ తోటల చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఇళ్లలో తెలుగు ఇంకా వినబడుతుంది. మధ్యలో మలయ్ మాటలు, తమిళ మాటలు కలుస్తాయి గానీ క్రియాపదం దగ్గరికొచ్చేసరికి శ్రీకాకుళమో విశాఖపట్నమో చప్పున పలుకుతుంది.

ఆ పెద్దాయన చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు మంచిచెడ్డలు చూసి పెడతాడు. పెళ్లికి ముహూర్తం, పిల్ల పుడితే నక్షత్రం, కొత్త ఇంట్లో పాలు పొంగించే వేళ. ఒకప్పుడు చేత్తో లెక్కలు కట్టేవాడు. చూపు మందగించాక మనవడు కొనిచ్చిన కంప్యూటర్‌లో జాతకాల ప్రోగ్రాం పెట్టుకున్నాడు. ఆయనకు గడియారం అంటే కాలక్షేపానికి చూసుకునేది కాదు, ఆ సమయం మీద ఒక కుటుంబం నమ్మకం నిలబడి ఉంటుంది. నేను వెళ్లేసరికి అది 2009 జనవరి 1 అని చూపిస్తోంది.

"పిడుగులు బాబూ" అన్నాడు. "మబ్బు కమ్మిందంటే ప్లగ్గు పీకెయ్యాల్సిందే. లేకపోతే అంతా కాలిపోద్ది."

ఆ మాటలోనే సగం జవాబు ఉంది. మలక్కా జలసంధి వెంట మధ్యాహ్నాలు ఉరుములతోనే నిండిపోతాయి. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకడం ఇక్కడ అందరూ చేసే పని, మంచి పని కూడా. కంప్యూటర్‌ను ఆపేసినా మదర్‌బోర్డు మీద ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉంటుంది. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్‌జ్ స్ఫటికం దాని గుండె. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ దానికి గోడ కరెంటే అందుతుంది. పీకేస్తే మాత్రం రూపాయి బిళ్లలా ఉండే ఒక్క మూడు వోల్టుల సెల్లు మీదే బతకాలి. ఏ మబ్బు పట్టినా ప్లగ్గు పీకే ఇంట్లో ఆ సెల్లు మిగతా ఇళ్లలో కన్నా ముందే చచ్చిపోతుంది. అది చచ్చాక ప్లగ్గు పీకిన ప్రతిసారీ గడియారం తయారీదారు పెట్టిన మొదటి తేదీకి వెళ్లిపోతుంది.

స్ఫటికానికి వేడి కూడా పడదు. ఆ రకం స్ఫటికాలను ఇరవై అయిదు డిగ్రీల దగ్గర సరిగ్గా కొట్టుకునేలా కోస్తారు, అటైనా ఇటైనా వేడి మారితే నెమ్మదిస్తాయి. రేకుల కప్పు కింద మధ్యాహ్నం వేడి చెప్పనక్కర్లేదు. పది లక్షల్లో ఇరవై పాళ్ల తేడా వచ్చినా రోజుకు దాదాపు ఒకటిముప్పావు సెకన్లు, నెలకు ఇంచుమించు నిమిషం పోతుంది. ఆ మాత్రం తప్పు ప్రతి కంప్యూటర్‌కూ ఉంటుంది. దాన్ని దిద్దడానికే ఇంటర్నెట్ సమయం ఉన్నది.

ఆ దిద్దుబాటు ఎలా జరుగుతుందో తెలిస్తే దాన్ని కనిపెట్టిన మనిషి మీద గౌరవం కలుగుతుంది. ఆయన డేవిడ్ మిల్స్. పుట్టుకతోనే గ్లకోమా, జీవితం చివర్లో చూపు పూర్తిగా పోయింది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, 2024 జనవరిలో చనిపోయాడు. 1985లో తొలిసారి ఒక ప్రమాణంగా ప్రచురితమైన ఆయన పద్ధతే ఈనాటికీ ప్రపంచంలోని యంత్రాలన్నిటినీ ఒక్క లయలో ఉంచుతోంది. ఆయన ముందున్న చిక్కు ఇది: దూరంగా ఉన్న సర్వర్ "ఇప్పుడు ఇంత సమయం" అని చెబితే, ఆ మాట మనకు చేరేసరికే అది పాతదైపోతుంది. ఎంత పాతదైందో తెలిసేదెలా? పూర్వం రంగం (రంగూన్) పోయిన కొడుకుకు తల్లి ఉత్తరం రాయించేదనుకోండి. రాయించిన రోజు ఆమెకు తెలుసు. అందిన రోజు, జవాబు వేసిన రోజు కొడుకు అందులో రాస్తాడు. జవాబు చేతికొచ్చిన రోజు మళ్లీ ఆమెకు తెలుసు. మొత్తం రోజుల్లోంచి ఉత్తరం కొడుకు దగ్గర ఉన్న రోజులు తీసేస్తే దారిలో గడిచిన కాలం వస్తుంది. అందులో సగం పోవడానికి, సగం రావడానికి. కంప్యూటర్ చేసేదీ ఇదే, సెకనులో వెయ్యో వంతుల్లో. నాలుగు సమయ ముద్రలు, కొన్ని తీసివేతలు, ఒక భాగహారం. దీని అడుగున ఒక్క నమ్మకం ఉంది: పోయే దారికీ వచ్చే దారికీ ఒకే కాలం పడుతుందని. ఆ సమాన కాలాన్ని నమ్మకపోతే దూరాన ఉన్న ఇద్దరు ఒక సమయం మీద కలవడం అసలు సాధ్యం కాదు.

మరి పెద్దాయన కంప్యూటర్ ఎందుకు కలవలేదు? మొదటి కారణం, అది మరీ దూరం పోయింది. మిల్స్ పద్ధతిలో నడిచే అసలు ప్రోగ్రాం చిన్న తేడా ఉంటే గడియారాన్ని కుదపకుండా కొద్దికొద్దిగా వేగం మార్చి దారిలోకి తెస్తుంది. అంతకు మించిన తేడాను ఒక్కసారిగా జరుపుతుంది. వెయ్యి సెకన్లు దాటితే మాత్రం తానే తప్పుకుంటుంది. ఎవరో మనిషి వచ్చి చూడాలన్నది దాని ఉద్దేశం. విండోస్‌కూ ఇలాంటి గీత ఉంది. సొంత ఇళ్లలో వాడే యంత్రాల్లో ఆ గీత మామూలుగా పదిహేను గంటలు. అది దాటితే, కావలసిన మార్పు మరీ పెద్దది కనుక సరిచేయలేదని చెప్పేస్తుంది. వెనకటి విండోస్ ఎక్స్‌పీ అయితే తేదీ కలవడం లేదు, ముందు దాన్ని దిద్దుకుని రమ్మని ముఖం మీదే చెప్పేది. ఇది మొండితనం కాదు, జాగ్రత్త. ఎవడో దొంగ సర్వర్ పెట్టి నీ తేదీని పదేళ్లు వెనక్కి నెట్టగలిగితే, ఏనాడో చెల్లిపోయిన తాళాలు మళ్లీ నీ ఇంటి తలుపు తీస్తాయి. సైట్లు తెరుచుకోకపోవడానికీ కారణం తప్పు తేదీయే. వాటి భద్రతా పత్రాలకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. 2009లో కూర్చున్న యంత్రానికి నిన్న మొన్న ఇచ్చిన పత్రం ఇంకా పుట్టనే లేదు.

కాబట్టి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట, ఇంటర్నెట్‌ను అడిగే ముందు నీ చేత్తో తేదీ, సంవత్సరం దగ్గరికి తీసుకురా అని. తరువాత సెల్లు మార్చు. విండోస్ టైమ్ అనే సర్వీసు నడుస్తోందో లేదో చూడు. కొన్ని ఆఫీసుల్లో, హోటళ్లలో ఇంటర్నెట్ సమయం వచ్చే 123వ నంబరు పోర్టును మూసేసి ఉంచుతారు, అక్కడ ఏం చేసినా కుదరదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ప్రయత్నిస్తే తేలిపోతుంది. సర్వర్ పలకకపోతే ఇంకో సర్వర్ పేరు పెట్టు. మలేసియాకు సొంత సమయం ఉంది. సెపాంగ్‌లోని జాతీయ మెట్రాలజీ సంస్థ సీసియం పరమాణు గడియారాలతో దేశపు ప్రామాణిక సమయాన్ని కాపాడుతోంది. ఎవరిదో గడియారం కాదు, మనం ఉంటున్న దేశపు గడియారం.

ఇవన్నీ అయ్యాయి. సెల్లు మార్చాను, తేదీ పెట్టాను, నొక్కాను. ఈసారి కుదిరిందని చెప్పింది. పెద్దాయన ముఖంలో మాత్రం వెలుగు లేదు. "చూశావా బాబూ, మళ్లీ అదే. ఇంటర్నెట్ టైమే తప్పు. దాన్ని నొక్కితే రెండున్నర గంటలు వెనక్కి తోసేస్తది. అందుకే దాన్ని ఆపేసి చేత్తో పెట్టుకుంటన్నాను."

టైమ్ జోన్ తీసి చూశాను. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉంది.

"తాతగారూ, ఇది ఇండియా టైముకు పెట్టి ఉంది. మీరే పెట్టారా?"

"నేనే. మన పంచాంగం ఇండియా టైములోనే గదా ఉంటది."

ఆయన ఆలోచనలో లోపం లేదు. తిథి ఎప్పుడు పోతుందో, దుర్ముహూర్తం ఎప్పుడో అక్కడ అచ్చయిన పంచాంగంలో అక్కడి గంటల్లోనే ఉంటుంది. కంప్యూటర్ కూడా ఆ దేశంలోనే ఉందంటే రెండూ కలుస్తాయి గదా అనుకున్నాడు. మూలన కనిపించే అంకె మాత్రం గోడ గడియారంతో కలవాలి కనుక, చేత్తో రెండున్నర గంటలు ముందుకు నెట్టాడు. అంటే కంప్యూటర్ దృష్టిలో అది రెండున్నర గంటలు భవిష్యత్తులో ఉన్న చెన్నై. సర్వర్ దాన్ని ప్రతిసారీ నిజమైన చెన్నైకి లాక్కొస్తోంది. ఇద్దరూ ఎవరి లెక్కలో వారు సరైనవారే.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఇంటర్నెట్ సమయం అని మనం అనేదానిలో ఊరు ఉండదు, దేశం ఉండదు. సర్వర్ పంపేది 1900 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క, అంతే. అది లండన్‌కూ అదే, హైదరాబాద్‌కూ అదే, బాగాన్ దాతుక్‌కూ అదే. ఈ క్షణం ఏదో లోకంలోని ఏ సర్వర్ అయినా చెబుతుంది. ఆ క్షణానికి నువ్వు ఏ నేల మీద నిలబడి ఉన్నావో మాత్రం అది చెప్పదు. అది నువ్వు చెప్పాలి. చెప్పకపోయినా, పాత ఊరి పేరే చెప్పినా, ఎంత సరిగ్గా కలిసిన గడియారమైనా తప్పే చూపిస్తుంది.

ఈ నేల సంగతి చెప్పాలంటే మలేసియా గడియారం కథ చెప్పాలి. లోకంలో ఇంతలా మారిన గడియారాలు తక్కువ. 1901లో మలయాలో సింగపూర్ సగటు సమయం అమల్లోకి వచ్చింది. గ్రీనిచ్ కన్నా 6 గంటల 55 నిమిషాల 25 సెకన్లు ముందు. 1905లో దాన్ని సరిగ్గా ఏడు గంటలు చేశారు. 1933లో వేసవి కాలమానం పేరుతో ఇరవై నిమిషాలు కలిపారు. పగలూ రాత్రీ ఏడాది పొడుగునా దాదాపు సమానంగా ఉండే ఈ భూమధ్యరేఖా ప్రాంతంలో దాన్ని మళ్లీ వెనక్కి తిప్పే రుతువు ఎప్పటికీ రాదు, అందుకే ఆ ఇరవై నిమిషాలు ఏడాదంతా నిలిచిపోయాయి. 1936లో దాన్నే శాశ్వతం చేశారు. 1941 సెప్టెంబరులో ఇంకో పది నిమిషాలు కలిపి ఏడున్నర చేశారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయిన మర్నాటి నుంచి టోక్యో సమయం, అంటే గ్రీనిచ్‌కు తొమ్మిది గంటలు. మలయా గడియారాల్లో సూర్యుడు ఎనిమిది దాటాక ఉదయించడం మొదలుపెట్టాడు. 1945 సెప్టెంబరులో జపాన్ లొంగిపోయాక మళ్లీ ఏడున్నర.

1963లో మలయాతో సబా, సరవాక్ కూడా కలిసి మలేసియా ఏర్పడింది. అక్కడ ఎనిమిది గంటలు, ఇక్కడ ఏడున్నర. ఒకే దేశంలో అరగంట తేడాతో రెండు గడియారాలు. 1981లో మహాతిర్ మొహమ్మద్ ప్రధాని అయ్యాక పశ్చిమాన్ని తూర్పుతో కలిపారు. ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి పదకొండున్నర కొట్టగానే పన్నెండు చేసేశారు. సింగపూర్ కూడా కలిసివచ్చింది. ఎనిమిది గంటల లెక్కకు ఆధారమైన 120 డిగ్రీల తూర్పు రేఖాంశం మలేసియా నేలను ఎక్కడా తాకదు, సబా కొసకు కూడా అవతల సముద్రంలోంచి పోతుంది. మన భారత కాలమానపు రేఖ తుని, కాకినాడల చేరువలోంచి పోతుంది కనుక కోస్తా వాళ్లకు గడియారంలో పన్నెండుకూ నడినెత్తి సూర్యుడికీ పెద్ద తేడా తెలియదు. కౌలాలంపూర్‌లో సగటున ఒంటిగంటా పదమూడు నిమిషాలకు గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఉదయం ఏడైనా చీకటేమిటని ఆశ్చర్యపోయేది అందుకే.

తెలుగువాళ్లకు ఆ 1981 ఇంకో విధంగానూ గుర్తుంది. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ ఏడాది కౌలాలంపూర్‌లోనే. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన సంస్థ ఈ దేశంలో తెలుగును నిలబెట్టుకుంటూ వచ్చింది. మహాసభలకు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు గడియారాన్ని సరిగ్గా రెండు గంటలు ముందుకు తిప్పుకున్నారు. మర్నాటి ఏడాది నుంచి వచ్చినవాళ్లు రెండున్నర తిప్పుకోవాల్సి వచ్చింది. ఆ అరగంటలో ఈ నేలా మారలేదు, సూర్యుడూ మారలేదు.

ఈ మార్పులన్నీ పెద్దాయన నోటుపుస్తకంలో ఉన్నాయి, ఉన్నట్టు కనిపించకుండా. వాళ్ల నాన్న తోటలో పనిచేస్తూ కాన్పులు జరిగిన వేళలన్నీ రాసిపెట్టాడు. పెద్దాయన అక్క పుట్టింది 1943లో. వేళ దగ్గర ఉదయం ఆరు అని ఉంది, పక్కన "జపాను టైము" అన్న రెండు మాటలు. ఆ రెండు మాటలే లేకపోతే ఆ జాతకానికి దిక్కులేదు. టోక్యో ఆరు అంటే ఆ తోటలో సూర్యుడి లెక్కన ఇంచుమించు మూడు గంటల నలభై అయిదు నిమిషాలు, చిమ్మచీకటి. అదే ఆరును పాత ఏడున్నర కాలమానంలో చదివితే ఐదుంబావు అవుతుంది. లగ్నం మారడానికి రెండు గంటలు చాలు. గంటన్నర తేడా వస్తే చాలా మటుకు లగ్నమే వేరైపోతుంది. పెద్దాయన ప్రోగ్రాం మలేసియా అనగానే ఎనిమిది గంటలు వేసుకునేది. 1945 తరువాత, 1982కు ముందు పుట్టినవాళ్లందరి వేళలూ దానిలో అరగంట జరిగిపోయేవి, జపాను రోజుల్లో పుట్టినవాళ్లవి ఇంకో వైపు గంట జరిగేవి. "అందుకేనేమో, అక్క జాతకం ఎప్పుడూ అక్కలా లేదు" అన్నాడు. జాతకాలను నమ్మే వారూ నమ్మని వారూ ఆ మాటను గౌరవించాలి. తోబుట్టువు పుట్టిన క్షణాన్ని సరిగ్గా పట్టుకోవాలన్న ఆరాటం అది.

అన్ని దేశాల గడియారాల చరిత్రనూ ఒకచోట కూర్చిన పట్టిక ఒకటి ఉంది. 1980ల్లో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన ఆ పనిని స్వచ్ఛందంగా కొనసాగిస్తూ వచ్చారు. లైనక్స్ యంత్రాలు, ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్నే వాడతాయి. మలయా ఇరవై నిమిషాలూ, జపాను తొమ్మిది గంటలూ, 1981 చివరి అరగంటా అన్నీ అందులో ఉన్నాయి. 1970కి ముందటి లెక్కల్లో చాలా భాగం దానికి ఎక్కణ్ణించి వచ్చాయో తెలుసా? జ్యోతిష్కుల కోసం థామస్ షాంక్స్ కూర్చిన అట్లాసుల నుంచి. పుట్టిన వేళ కావాలి కనుక, ఏ ఊళ్లో ఏ రోజు గడియారం ఎంత చూపించిందో పట్టుబట్టి వెతికింది వాళ్లే. 2011లో ఆ అట్లాసుల హక్కులు తమవని ఒక జ్యోతిష సాఫ్ట్‌వేర్ సంస్థ అమెరికాలో ఓల్సన్ మీద దావా కూడా వేసింది. మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. బాగాన్ దాతుక్‌లో నోటుపుస్తకం పట్టుకు కూర్చున్న ఈ పెద్దాయనలాంటి వాళ్ల అవసరం లేకపోతే మన ఫోన్లకు గతం ఇంత వివరంగా తెలిసేది కాదు. ఈ పని చేసినవాళ్లను నేను ఎంతో గౌరవిస్తాను.

తిరిగి పంచాంగానికి వద్దాం, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. మలేసియాలో చాలా ఇళ్లలో చేసేది, విజయవాడలోనో రాజమండ్రిలోనో అచ్చయిన పంచాంగంలోని వేళకు రెండున్నర గంటలు కలపడం. తిథి ముగిసే క్షణం వరకు అది సరైన లెక్కే, ఆ క్షణం లోకమంతటికీ ఒకటే. కానీ ఏ రోజుది ఏ తిథి అన్నది అక్కడి సూర్యోదయాన్ని బట్టి. కౌలాలంపూర్‌లో సూర్యుడు ఏడుంబావు ప్రాంతంలో ఉదయిస్తాడనుకుంటే, అప్పుడు భారత కాలమానం ఐదు కూడా కాదు. విజయవాడలో తెల్లారడానికి ఇంకో గంట పైనే ఉంటుంది. ఆ మధ్య కాలంలో తిథి మారిందంటే విజయవాడలో ఉదయానికి పాడ్యమి, ఇక్కడ ఉదయానికి ఇంకా అమావాస్య. అలాంటి ఏడాది అక్కడి ఉగాది ఒక రోజు, ఇక్కడి ఉగాది మరో రోజు. రాహుకాలం, దుర్ముహూర్తం చూసేవాళ్లకూ ఇదే చిక్కు. రాహుకాలం పగటి పొడుగును ఎనిమిది భాగాలు చేసి చూసేది, ఆ పగలు ఇక్కడిదే కావాలి.

అక్కడి తేదీనే పాటిస్తే సంప్రదాయాన్ని కాపాడినట్టని కొందరి నమ్మకం. నేను ఒప్పుకోను. సంకల్పం చెప్పుకునేటప్పుడు కల్పం, మన్వంతరం, యుగం అయ్యాక ఏం చెబుతాం? ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, ఏ దిక్కున, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెబుతాం. ఆ తరువాతే సంవత్సరం, అయనం, రుతువు, మాసం, పక్షం, తిథి, వారం. దేశం ముందు, రోజు తరువాత. మన పెద్దలు నేల పేరు చెప్పకుండా రోజును అసలు పలకనివ్వలేదు. పెరాక్ నది ఒడ్డున కూర్చుని కృష్ణ ఒడ్డున ఉన్నట్టు రోజు లెక్కపెట్టడం ఆ పద్ధతికే విరుద్ధం. తూర్పుకు సాగే ఓడలో గడియారాన్ని రోజూ కొంచెం ముందుకు జరుపుకుంటూ వచ్చారు ఈ పెద్దాయన తాతలు. వాళ్లు దిగిన నేల ఇది. వాళ్ల పిల్లలు పుట్టింది, వాళ్లు మట్టిలో కలిసింది ఇక్కడే. ఈ నేల సూర్యోదయం వాళ్ల వారసులకు పరాయిది కాదు.

పెద్దాయనకు కంప్యూటర్‌లో టైమ్ జోన్ కౌలాలంపూర్, సింగపూర్ అని పెట్టాను. విండోస్‌లో రెండో గడియారం కూడా చూపించుకోవచ్చు, దాన్ని చెన్నైకి పెట్టాను. పంచాంగం చూసేటప్పుడు అటు చూస్తాడు. మబ్బు పట్టినప్పుడు ప్లగ్గు పీకడం మానమని చెప్పలేదు. పీకినా ఇప్పుడు కొత్త సెల్లు కొన్నేళ్లు మోస్తుంది. ప్రోగ్రాంలో బాగాన్ దాతుక్ అక్షాంశ రేఖాంశాలు ఎక్కించి, ఇక్కడి సూర్యోదయంతో ఆ నెల తిథులు తీసి చూపించాను. ఆయన ఒక్కో రోజూ వేలు పెట్టి చదువుతూ పోయాడు.

మలేసియాలోని తెలుగు సంఘాలకు, గుళ్లకు నా విన్నపం ఒకటే. ఉగాదికి పంచి పెట్టే క్యాలెండరులో తిథులు ఈ దేశపు సూర్యోదయానికి లెక్కకట్టి వేయించండి. లెక్క కట్టగల వాళ్లు, ప్రోగ్రాములు ఉన్నాయి, కావలసింది ఊరి పేరు మార్చడమే. ఇళ్లలో పాత నోటుపుస్తకాలున్న వాళ్లు ప్రతి వేళ పక్కనా అది ఏ కాలమానమో ఇప్పుడే రాసిపెట్టండి, పెద్దవాళ్లు ఉండగానే అడిగి. ముఖ్యంగా 1942 నుంచి 1945 దాకా, 1982కు ముందు అంతా. 1981 డిసెంబరు 31 రాత్రి పదకొండున్నరకూ పన్నెండుకూ మధ్య పశ్చిమ మలేసియాలో సమయమే లేదు. ఆ అరగంటలో పుట్టినట్టు ఏ జాతకంలోనైనా కనిపిస్తే అది పాత గడియారం చూసి రాసినది, దానికి అరగంట కలిపి 1982లో వేయండి.